హన్మకొండలో అమ్మే లైఫై ప్రాజెక్టు కిట్టు: పాటకు సరే, అక్షరాలకు రిసీవర్ మార్చాల్సిందే

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ప్రాజెక్టు కిట్లు అమ్మే దుకాణాల్లో లైఫై అని అడిగితే చేతిలో పెట్టే డబ్బా దాదాపు ఒకటే. దుకాణం మారితే పైన స్టిక్కరు మారుతుంది గానీ లోపలి సరుకు మారదు. కరీంనగర్‌లో తీసుకున్నా, కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకున్నా పెద్ద తేడా ఉండదు. ఎల్‌ఈడీ వెలుగు మీద ఫోన్లోని పాటను, కీప్యాడ్ మీద కొట్టిన అక్షరాలను గాలిలో పంపడం దీని పని. ఈసీఈ, ట్రిపుల్‌ఈ ఫైనలియర్ వాళ్లు, పాలిటెక్నిక్ వాళ్లు జనవరి, ఫిబ్రవరిల్లో దీనికోసం తిరుగుతుంటారు. ఈ రివ్యూ వాళ్ల కోసం, వాళ్లకు గైడుగా ఉండే సార్ల కోసం.

ముందు తేల్చి చెప్పాల్సింది చెబుతాం. కిట్టు కొనొచ్చు. పాట పంపే భాగం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అక్షరాలు పంపే భాగాన్ని మాత్రం డబ్బాలో ఇచ్చింది ఇచ్చినట్టు బిగిస్తే వైవాలో నిలబడదు. లోపం ఎల్‌ఈడీలో లేదు, వెలుగును పట్టుకునే వైపు ఉంది. కౌంటర్ మీద గొప్పగా వెలిగించి చూపేది ఎల్‌ఈడీనే, కానీ ఖర్చు పెట్టాల్సింది, బుర్ర పెట్టాల్సింది రిసీవర్ మీద.

డబ్బాలో వచ్చేవి ఇవి: రెండు ఆర్డుయినో యూనో నకలు బోర్డులు, హీట్‌సింక్ రేకు మీద అంటించిన 1 వాట్ తెల్ల ఎల్‌ఈడీ, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, పావు వాట్ రెసిస్టర్ల పొట్లం, 4×4 కీప్యాడ్, 16×2 ఎల్‌సీడీ, ఎల్‌డీఆర్ (వెలుగు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్) మాడ్యూల్, 6 వోల్టుల చిన్న సోలార్ ప్యానెల్, పీఏఎం8403 ఆంప్లిఫయర్ బోర్డు, 4 ఓముల స్పీకరు, 3.5 మిల్లీమీటర్ల ఆడియో జాక్, 9 వోల్టుల బ్యాటరీ, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు. పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం, రిపోర్టు ఉంటాయి. యూనో నకళ్లలో యూఎస్‌బీ కోసం సీహెచ్340 చిప్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ బోర్డును గుర్తించకపోతే ముందు ఆ డ్రైవర్ వేసుకోవాలి. బోర్డు పాడైందని తిరిగి దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు.

ఈ సామానులో రెండు వస్తువులు ఒకదాన్నొకటి చంపుకునేవి. పీఏఎం8403 తట్టుకునేది 5.5 వోల్టుల దాకానే. పక్కనే ఉన్న 9 వోల్టుల బ్యాటరీ దానికి తగిలిస్తే చిప్ అక్కడికక్కడే పోతుంది. కిట్టుతో ఇచ్చే సర్క్యూట్ కాగితంలో ఈ హెచ్చరిక లేదు. ఆ బ్యాటరీ ఎల్‌ఈడీకి కూడా పనికిరాదు. 1 వాట్ ఎల్‌ఈడీ పూర్తిగా వెలగాలంటే 350 మిల్లీఆంపులు లాగుతుంది. ఆ చిన్న బ్యాటరీకి లోపలి నిరోధం ఎక్కువ, అంత కరెంటు ఇవ్వబోతే వోల్టేజీ కూలుతుంది, కాసేపటికే నీరసిస్తుంది. దాన్ని పక్కన పెట్టి 5 వోల్టులు, 2 ఆంపుల ఫోన్ చార్జర్లు రెండు పెట్టుకోండి, ఒకటి పంపే వైపుకు, ఒకటి అందుకునే వైపుకు. రెండు ఎందుకో కింద చెబుతాం.

పాట భాగం నుంచి మొదలుపెడదాం. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ రెండు దిక్కుల్లో ఊగే సిగ్నల్‌ను నేరుగా ఇస్తే కింది సగం పోతుంది. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 2.7 వోల్టుల దాకా సరిగ్గా వెలగదు, ఫోన్ జాక్ నుంచి వచ్చేది వోల్టు కూడా ఉండదు. అందుకే ఎల్‌ఈడీని ముందు సగం వెలుగులో నిలిపి, ఆ వెలుగు మీద పాటను ఎక్కించాలి. కిట్టులోని బీసీ547 గరిష్ఠంగా 100 మిల్లీఆంపుల ట్రాన్సిస్టర్. దాంతో ఎల్‌ఈడీ మందంగా వెలుగుతుంది, కాస్త గట్టిగా నడిపితే వేడెక్కి పోతుంది. దాని స్థానంలో బీడీ139 పెట్టండి. జాక్ నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా బేస్‌కు సిగ్నల్, 10 కిలో ఓముల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్)తో బేస్ బయాస్, అంటే ఎల్‌ఈడీని సగం వెలుగులో నిలిపే కరెంటు. ప్రీసెట్ నడిమి కాలును 1 కిలో ఓం ద్వారా బేస్‌కు కలిపితే పొరపాటున చివరికి తిప్పినా ట్రాన్సిస్టర్ బతుకుతుంది. మల్టీమీటర్‌ను ఎల్‌ఈడీతో సీరీస్‌లో పెట్టి 150 మిల్లీఆంపుల దగ్గర ప్రీసెట్ ఆపాలి. ఫోన్ వాల్యూం సగం కంటే కొంచెం పైన ఉంచితే చాలు. పూర్తిగా పెంచితే పాట చిరుగుతుంది, అప్పుడు తప్పు రిసీవర్‌దని వెతుకుతూ కూర్చుంటారు.

అందుకునే వైపు సోలార్ ప్యానెల్ నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా పీఏఎం8403 ఇన్‌పుట్‌కు వెళ్లాలి. కెపాసిటర్ లేకుండా కలిపితే ప్యానెల్ ఇచ్చే నిలకడ వోల్టేజీ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను ఒక పక్కకు నెట్టేస్తుంది. ప్యానెల్ రెండు వైర్ల మధ్య 470 ఓముల రెసిస్టర్ ఒకటి అడ్డంగా పెట్టండి. కిట్టులో ఇది లేదు, పెడితే వచ్చే తేడా చెవికి తెలుస్తుంది. ప్యానెల్‌కు కెపాసిటెన్స్ చాలా ఎక్కువ, అందుకే తీగస్వరాలు, తాళాల మోత మొద్దుబారి వినిపిస్తాయి. రెసిస్టర్ ఆ కెపాసిటెన్స్‌ను త్వరగా ఖాళీ చేస్తుంది, గదిలోని మామూలు వెలుగుకు ప్యానెల్ వోల్టేజీ గరిష్ఠానికి చేరి ఇరుక్కుపోకుండా కూడా కాపాడుతుంది. శబ్దం కొంత తగ్గుతుంది, స్పష్టత పెరుగుతుంది.

స్పీకర్ విషయంలో ఒక జాగ్రత్త. పీఏఎం8403లో స్పీకర్ రెండు కొసలూ చిప్ నుంచే నడుస్తాయి. మైనస్ అని రాసి ఉంది కదా అని ఆ వైరును గ్రౌండ్‌కు కలిపితే చిప్ కాలుతుంది. ఇంకోటి, ఎల్‌ఈడీ వైపు, స్పీకర్ వైపు ఒకే అడాప్టర్ నుంచి కరెంటు ఇస్తే పాట సరఫరా వైర్ల గుండా కూడా అటు చేరుతుంది. వెలుగుకు చేయి అడ్డం పెట్టినా సన్నగా పాట వినిపిస్తూనే ఉంటుంది. ఎగ్జామినర్ మొదట చేసే పని చేయి అడ్డం పెట్టడమే. అప్పుడు పూర్తిగా ఆగకపోతే ఎంత వివరించినా నమ్మరు. రెండు చార్జర్లు పెట్టమన్నది ఇందుకే.

ఇలా బిగిస్తే అర మీటరు దాకా పాట హాయిగా వస్తుంది. ఇందులో ఉన్న సూత్రం కూడా పాతదే, గట్టిదే. 1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి సూర్యకాంతి మీద మాటను సుమారు 213 మీటర్లు పంపారు. ఆ పరికరం పేరు ఫొటోఫోన్. అద్దం వణుకుతూ వెలుగును మారుస్తుంటే అటువైపు సెలీనియం దాన్ని పట్టుకుంది. రిపోర్టులో మొదటి అధ్యాయం దీనితో మొదలైతే బాగుంటుంది. పెన్‌డ్రైవ్‌లోని రిపోర్టులో ఈ చరిత్ర ఒక్క ముక్క లేదు.

ఇక అక్షరాల భాగం. ఇక్కడే కిట్టు తడబడుతుంది. రిసీవర్‌గా ఇచ్చింది ఎల్‌డీఆర్. వీధిదీపాలు చీకటి పడగానే వెలిగించడానికి అది చక్కటి వస్తువు, డేటాకు కాదు. మామూలుగా దొరికే జీఎల్5528 రకం ఎల్‌డీఆర్ వెలుగు పడ్డాక స్పందించడానికి 20 మిల్లీసెకన్లు, వెలుగు పోయాక తేరుకోవడానికి 30 మిల్లీసెకన్లు తీసుకుంటుందని దాని డేటాషీటే చెబుతుంది. అందుకే ప్రోగ్రాంలో బిట్‌కు 50 మిల్లీసెకన్ల విరామం ఉంటుంది. ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్‌లతో కలిపి 10 బిట్లు, అంటే అర సెకను. ఇంగ్లిష్ స్పెల్లింగులో వరంగల్ అని 8 అక్షరాలు పంపడానికి 4 సెకన్లు పడుతుంది. అదే మాటను తెలుగు లిపిలో యూనికోడ్‌గా పంపితే సున్నా, పొల్లు కూడా లెక్కే కాబట్టి 6 సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18 బైట్లు, 9 సెకన్లు. పైగా సెకనుకు 10 సార్ల దాకా మిణుకుమనే తెల్ల లైటు ముందు కూర్చోవడం కంటికి నరకం. మూర్ఛ ఉన్నవాళ్ల ముందు ఇలాంటిది పెట్టకూడదు. వెలుగు మారింది కంటికి తెలియకూడదు అన్నదే ఈ విద్యకు మొదటి నియమం. ఐఈఈఈ 802.15.7 ప్రమాణం ప్రకారం వెలుగు మార్పుల వ్యవధి 5 మిల్లీసెకన్లు దాటకూడదు, అంటే 200 హెర్ట్జ్‌కు తగ్గకూడదు. డబ్బాలోని కిట్టు ఆ గీతకు చాలా కింద ఉంది.

కొన్ని డబ్బాల్లో ఎల్‌డీఆర్ బదులు ఫొటోడయోడ్ (వెలుగు పడితే కరెంటు ఇచ్చే డయోడ్) ఇస్తారు. అది నల్లగా, 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ ఆకారంలో ఉందంటే తీసుకోకండి. లైన్ ఫాలోయర్ రోబోల్లో వాడే ఆ రకానికి నల్ల ప్లాస్టిక్కే ఫిల్టర్, పరారుణ కాంతిని మాత్రమే లోపలికి రానిస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలో పరారుణం దాదాపు ఉండదు. టీవీ రిమోట్ నొక్కితే కదులుతుంది, పాత ఫిలమెంటు బల్బుకు కదులుతుంది, కిటికీ ఎండకు కదులుతుంది, కిట్టులోని ఎల్‌ఈడీకి మాత్రం కదలదు. ఈ లక్షణం కనిపిస్తే సర్క్యూట్ విప్పి వెతకడం దండగ, డయోడ్ మార్చడమే. బీపీడబ్ల్యూ34 అనే ఫొటోడయోడ్‌లోనూ ఇదే గొడవ ఉంది. చివర ఎఫ్ అని ఉన్నది పగటి వెలుగును ఆపే రకం. ఎఫ్ లేనిది, పైన పారదర్శకంగా ఉండి లోపల చదరపు చిప్ కనిపించేది అడిగి తీసుకోవాలి.

ఆ బీపీడబ్ల్యూ34తో రిసీవర్ ఇలా కట్టుకోవాలి. దీనికి ఎల్‌ఎం358 (సిగ్నల్‌ను పెంచే ఆప్ ఆంప్‌లు రెండున్న చిప్) ఒకటి, ఎల్‌ఎం393 (రెండు వోల్టేజీలను పోల్చే కంపారేటర్ చిప్) ఒకటి చాలు. ఎల్‌ఎం358లో మొదటి సగం కరెంటును వోల్టేజీగా మారుస్తుంది. డయోడ్ క్యాథోడ్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు, యానోడ్ గ్రౌండ్‌కు, నాన్‌ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు. ఔట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్‌కు 47 కిలో ఓములు, దానికి సమాంతరంగా 15 పికోఫారడ్లు. ఈ చిన్న కెపాసిటర్ లేకపోతే డయోడ్ సొంత కెపాసిటెన్స్, సుమారు 70 పికోఫారడ్లు, ఆంప్లిఫయర్‌ను ఊగిసలాటలో పడేస్తుంది. వెలుగు లేకున్నా ఔట్‌పుట్ వణుకుతుంటే కారణం అదే. డయోడ్ కాళ్లు వీలైనంత పొట్టిగా, చిప్‌కు ఆనుకుని ఉండాలి. బ్రెడ్‌బోర్డు మీద పొడుగు జంపర్లతో పెడితే ఫ్యాను రెగ్యులేటర్ గోల అంతా అందులోకే దూరుతుంది. ఈ ఒక్క ముక్కనైనా డాట్ బోర్డు మీద సోల్డర్ చేయండి.

అక్కడి నుంచి 0.47 మైక్రోఫారడ్ ద్వారా రెండో సగం నాన్‌ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు. ఆ బిందువును రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లతో 2.5 వోల్టుల దగ్గర నిలపాలి. ఫీడ్‌బ్యాక్ 100 కిలో ఓములు, ఇన్వర్టింగ్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓములు సీరీస్‌లో 10 మైక్రోఫారడ్లతో. దీంతో 11 రెట్లు పెరుగుతుంది. తర్వాత ఎల్‌ఎం393 నాన్‌ఇన్వర్టింగ్‌కు 10 కిలో ఓముల ద్వారా, ఇన్వర్టింగ్‌కు ప్రీసెట్ నుంచి 2.5 వోల్టులు. ఎల్‌ఎం393 ఔట్‌పుట్ తనంతట తాను పైకి లేవదు, 4.7 కిలో ఓములతో 5 వోల్టులకు లాగాలి. ఈ రెసిస్టర్ మరిచిపోయి చిప్ చెడిపోయిందని అనుకునేవాళ్లే ఎక్కువ. ఔట్‌పుట్ నుంచి నాన్‌ఇన్వర్టింగ్‌కు 1 మెగా ఓం పెడితే సుమారు 50 మిల్లీవోల్టుల హిస్టరిసిస్ (ఔట్‌పుట్ ఎక్కే, దిగే హద్దుల మధ్య ఎడం) వస్తుంది, చిన్న చిన్న గోలకు ఔట్‌పుట్ ఎగరడం ఆగుతుంది.

ఇంత పెంచడం దేనికంటే, అందే వెలుగు మనం అనుకున్నంత ఉండదు. 1 వాట్ ఎల్‌ఈడీ సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. లెన్సు లేకుండా అది నలుదిక్కులా చెదురుతుంది, ఎదురుగా 32 క్యాండెలాలు, మీటరు దూరంలో 32 లక్స్. బీపీడబ్ల్యూ34 ఒక లక్స్‌కు 80 నానోఆంపులు ఇస్తుందని డేటాషీట్‌లో చూసి సంబరపడొద్దు. ఆ అంకె పరారుణం నిండిన ఫిలమెంటు బల్బు వెలుగుకు. తెల్ల ఎల్‌ఈడీ వెలుగుకు అందులో పదో వంతు లెక్కేసుకోండి. అంటే మీటరు దూరంలో పావు మైక్రోఆంపు, 47 కిలో ఓముల మీద 12 మిల్లీవోల్టులు. దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతు, సిగ్నల్ వోల్టేజీ కూడా పావు వంతే. అందుకని హీట్‌సింక్ మీద కూర్చునే 15 డిగ్రీల లెన్సు కొనండి. అతి చవక వస్తువు, దూరాన్ని పెంచడంలో దీనికి సాటి మరొకటి లేదు. కిట్టులో ఇది పెట్టకపోవడం మాకు అస్సలు నచ్చలేదు.

ఎల్‌ఈడీని నడిపే వైపు ఆర్డుయినో పిన్ను నుంచి నేరుగా కరెంటు లాగకూడదు. పిన్నుకు 20 మిల్లీఆంపులు హాయిగా, 40 దాటితే ప్రమాదం. ఐఆర్ఎల్‌జడ్44ఎన్ మాస్ఫెట్ (గేట్ వోల్టేజీతో తెరుచుకునే ట్రాన్సిస్టర్) పెట్టండి. గేట్‌కు 220 ఓములు, గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓములు. దుకాణంలో దీని బదులు ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ అంటగడతారు. పేరులో ఒక్క అక్షరమే తేడా, కానీ అది 5 వోల్టుల గేట్‌కు పూర్తిగా తెరుచుకుంటుందన్న భరోసా లేదు, 10 వోల్టులు కావాలి. ఎల్‌ఈడీతో సీరీస్‌లో 5.1 ఓములు. మిగిలే 1.8 వోల్టులను 350 మిల్లీఆంపులతో హెచ్చిస్తే 0.63 వాట్లు, కాబట్టి 1 వాట్ లేదా 2 వాట్ల రెసిస్టర్ ఉండాలి. డబ్బాలోని పావు వాట్ రెసిస్టర్ పెడితే వాసన వస్తుంది, తర్వాత పొగ వస్తుంది.

ప్రోగ్రాం విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో సెకనుకు 9600 బిట్ల వేగానికి వెళ్లాలని అందరికీ ఉంటుంది. ఎల్‌ఎం358 ఔట్‌పుట్ మైక్రోసెకనుకు వోల్టులో సుమారు మూడో వంతు మేరకే ఎగబాకగలదు, అయినా 104 మైక్రోసెకన్ల బిట్‌కు సరిపోతుంది. 115200కు సరిపోదు. చిక్కు వేరే చోట ఉంది. సీరియల్‌లో ఏమీ పంపనప్పుడు సిగ్నల్ ఒకే స్థాయిలో ఉండిపోతుంది, బైటులో వరుసగా సున్నాలు కూడా వస్తాయి. మధ్యలో ఉన్న 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ నిలకడ స్థాయిని మోయదు, సిగ్నల్ కుంగి పిచ్చి అక్షరాలు పడతాయి. కెపాసిటర్ తీసేస్తే అక్షరాలు సరిగ్గా వస్తాయి, కానీ గదిలో వెలుగు మారిన ప్రతిసారీ ప్రీసెట్ తిప్పాలి. దీనికి మందు ఒకట్లు, సున్నాలు సమానంగా ఉండే కోడింగ్. రేడియోహెడ్ లైబ్రరీలోని ఆర్‌హెచ్‌_ఏఎస్‌కే భాగం ఈ పనే చేస్తుంది. ప్రతి 4 బిట్లను మూడు ఒకట్లు, మూడు సున్నాలు ఉన్న 6 బిట్లుగా మారుస్తుంది, తప్పుల తనిఖీ కూడా తనే చూసుకుంటుంది. రేడియో మాడ్యూళ్ల కోసం రాసినదైనా వెలుగుకు అచ్చంగా సరిపోతుంది. ముందుగా నిర్ణయించి ఉన్న వేగం సెకనుకు 2000 బిట్లు, పంపే పిన్ను 12, అందుకునే పిన్ను 11. వరుసగా నాలుగు ఒకేలాంటి బిట్లు రావచ్చు, అంటే 2 మిల్లీసెకన్లు. 0.47 మైక్రోఫారడ్ దాన్ని మోస్తుంది. హమ్మింగ్ పోతుందని 0.1 పెడితే మాత్రం మోయలేక జారుతుంది. ఎల్‌డీఆర్‌తో 9 సెకన్లు పట్టిన తెలుగు వరంగల్ ఇక్కడ సెకనులో ఐదో వంతులోపే చేరుతుంది, లైటు మిణుకు కూడా కనబడదు. ఈ లైబ్రరీ టైమర్ 1ను వాడుకుంటుంది కాబట్టి అదే స్కెచ్‌లో సర్వో మోటారు లైబ్రరీ కలపకండి.

తెలుగు అక్షరాలు ఎల్‌సీడీ మీద చూపిద్దామనుకుంటే కుదరదు. ఆ తెర సొంతంగా గీసుకునే గుర్తులు ఒక్కసారికి 8 మాత్రమే దాచుకుంటుంది. రెండో యూనోను ల్యాప్‌టాప్‌కు కలిపి సీరియల్ మానిటర్‌లో చూపించడం సులువు.

ఇప్పుడు ఎండ సంగతి. వైవాలు జరిగేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ల్యాబ్ కిటికీలు తెరిచి ఉంటాయి. రాత్రి హాస్టల్ గదిలో బంగారంలా పనిచేసిన కిట్టు పగలు పదకొండింటికి మూగబోవడానికి కారణం ఇది. ఎల్‌ఎం358కు 5 వోల్టులిస్తే ఔట్‌పుట్ 3.5 దగ్గరే ఆగుతుంది. కిటికీ పక్కన 2000 లక్స్ పగటి వెలుగు పడితే చాలు, మొదటి సగం ఔట్‌పుట్ 3 వోల్టుల దగ్గరికి ఎక్కి కూర్చుంటుంది. ఇంకాస్త పెరిగితే సిగ్నల్ ఊగడానికి చోటే ఉండదు. నేరుగా ఎండ పడితే లక్ష లక్స్, ఇక ఆశ వదులుకోవాల్సిందే. అక్కడ వాల్యూం పెంచినా, ప్రీసెట్ తిప్పినా ఫలితం లేదు. కరెంటు వైరింగు వాళ్లు గోడలో వేసే 20 మిల్లీమీటర్ల పైపు 10 సెంటీమీటర్లు కోసి, లోపల నల్ల చార్ట్ పేపర్ చుట్టి డయోడ్ ముందు బిగించండి. ఎల్‌ఈడీ వైపు మాత్రమే చూస్తుంది, పక్క వెలుగంతా పైపు గోడలకు తగిలి పోతుంది. రిసీవర్ వీపు కిటికీ వైపు ఉండేలా బల్ల తిప్పుకోండి. ట్యూబ్‌లైటు తెచ్చే 100 హెర్ట్జ్ గుయ్యిమనే మోతను కూడా పైపే తగ్గిస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటు రెండు సగాల్లోనూ లైటు పెరిగి తగ్గుతుంది కాబట్టి అది 100 అయింది. ఈ కెపాసిటర్ విలువతో సర్క్యూట్ ఒక్కటే దాన్ని పూర్తిగా ఆపలేదు.

డబ్బా మీద వైఫై కంటే 100 రెట్లు వేగం అని ఉంటుంది. ఆ ముక్క రిపోర్టులోకి ఎత్తి రాయకండి. రిసీవర్ మార్చాక కూడా ఈ కిట్టు సెకనుకు 2000 బిట్లు పంపుతుంది, అంతే. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఆ పూత ఇచ్చే వెలుగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి 2, 3 మెగాహెర్ట్జ్ దాటి వెలుగును ఆడించడం కష్టం. ప్రయోగశాలల్లో రిసీవర్ ముందు నీలం ఫిల్టర్ పెట్టి ఆ పసుపును వదిలేసి పై వేగాలకు వెళ్తారు. ఇంకో సంగతి, ఈ కిట్టు ఒకవైపే పంపుతుంది కాబట్టి దీన్ని దృశ్యకాంతి సమాచార ప్రసారం అనడం సరి. లైఫై అనే పేరును 2011లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని హరాల్డ్ హాస్ ప్రచారంలోకి తెచ్చారు. రెండువైపులా, ఎక్కువమందికి నడిచే నెట్‌వర్క్ అనే అర్థంలో ఆయన వాడారు. 2023లో వచ్చిన ఐఈఈఈ 802.11బీబీ ప్రమాణం అయితే 800 నుంచి 1000 నానోమీటర్ల పరారుణాన్ని ఎంచుకుంది, అంటే అందులో కంటికి కనిపించే వెలుగే లేదు. వైవాలో ఈ ప్రశ్న వస్తే ఈ రెండు ముక్కలు చెప్పగలిగినవాళ్లు మార్కులు తెచ్చుకుంటారు.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు పిల్లలు బొగ్గు గనుల్లో వాడకం అని శీర్షిక పెట్టుకోవడం సహజం. ఆలోచన మంచిదే, టోపీ దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. అయితే బొగ్గు ధూళి వెలుగును మింగుతుంది, మలుపు దాటి వెలుగు పోదు. అసలు భూగర్భ గనిలోకి ఏ విద్యుత్ పరికరం దించాలన్నా డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్) నిబంధనలకు లోబడి ఉండాలి. ఈ మూడూ రాసి, ఆపైన ఉపయోగం రాస్తే అది నిజాయితీ గల రిపోర్టు అవుతుంది.

ఇంట్లోని 9 వాట్ల బల్బు విప్పి దాని ఎల్‌ఈడీ పళ్లేన్ని ఆర్డుయినోకు కలుపుదామనే ఆలోచన చేయొద్దు. చవక బల్బుల్లో డ్రైవర్‌కు, ఇంటి కరెంటుకు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ విడదీత ఉండదు. పళ్లెం మీద 230 వోల్టుల ఫేజ్ ఉండొచ్చు, చేయి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది, యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్ కూడా పోతుంది.

దుకాణాల సేవ విషయానికొస్తే, కౌంటర్ మీద ఉండే కుర్రాళ్లు ఓపికగా చూపిస్తారు, కాలిన బోర్డు తెస్తే మార్చేవాళ్లూ ఉన్నారు. కానీ డెమో ఎప్పుడూ నీడలో, 10 సెంటీమీటర్ల దూరంలోనే. అర మీటరు దూరం పెట్టమనండి, పైన ట్యూబ్‌లైటు వేయమనండి, మధ్యలో మీ చేయి పెట్టండి. ఈ మూడూ దాటితేనే డబ్బులివ్వండి. పూర్తి కిట్టు అవసరం లేదనుకుంటే పాట భాగం ఒక్కటే ఇస్తారా అని అడగండి, చాలాచోట్ల ఇస్తారు, ధర బాగా తగ్గుతుంది. అక్షరాల భాగానికి యూనోలు రెండు మీ సీనియర్ల దగ్గర దొరుకుతాయి. ఇవి విడిగా కొనుక్కోండి: ఎఫ్ లేని బీపీడబ్ల్యూ34 రెండు, ఎల్‌ఎం358, ఎల్‌ఎం393, ఐఆర్ఎల్‌జడ్44ఎన్, బీడీ139 ఒక్కోటి, 15 డిగ్రీల లెన్సు ఒకటి, 5.1 ఓముల 2 వాట్ల రెసిస్టర్లు రెండు, 8 కాళ్ల ఐసీ బేసులు రెండు. చిప్‌లను నేరుగా సోల్డర్ చేయకుండా బేసుల్లో పెడితే కాలినప్పుడు మార్చడం నిమిషం పని. బీపీడబ్ల్యూ34 రెండు తీసుకోమన్నది దాని కాళ్లు రేకులా పల్చగా ఉండి రెండు మూడుసార్లు వంచితే విరుగుతాయి కాబట్టి. మొదటిది బోర్డు మీదికి ఎక్కేదాకా రెండోది పొట్లంలోంచి తీయకండి.